ఆకాశమునుండి దిగివచ్చు సెకను

2003వ సంవత్సరము ఆగస్టు 14వ తేదీ సాయంకాలము నాలుగు గంటలు దాటిన కొలది నిమిషములలో అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్యభాగమును, దానికి పొరుగుననున్న కెనడా దేశపు ఒంటారియో రాష్ట్రమును విద్యుత్తు లేక ఒక్కుమ్మడిగా స్తంభించిపోయినవి. ఇంచుమించు అయిదు కోట్ల ప్రజలకు విద్యుత్తు అందకపోయెను. న్యూయార్కు నగరమున భూగర్భ రైళ్లు సొరంగములలోనే నిలిచిపోగా ప్రయాణికులు పట్టాలవెంట నడచి బయటపడవలసివచ్చెను. 265 విద్యుత్కేంద్రములు ఒకదానివెంట నొకటిగా ఆగిపోయినవి. ఒహాయో రాష్ట్రమున ప్రవాహభారమునకు వేడెక్కి, సాగి, క్రిందికి వ్రేలిన తీగలు చెట్లకొమ్మలను తాకుటయు, దానిని గమనింపవలసిన హెచ్చరికల యేర్పాటు అంతకుముందే పనిచేయక పోవుటయు కారణములుగా మొదలైన అవాంతరము ఇంతటి విపత్తుగా ఎట్లు పరిణమించెనో నిర్ణయించుటకై రెండు ప్రభుత్వములును కూడి ఒక విచారణసంఘమును నియమించినవి. ఆ సంఘమునకు సాక్ష్యములకు కొదువ లేకపోయెను. ఏ సబ్‌స్టేషనులో ఏ బ్రేకరు ఎప్పుడు తెరచుకొన్నదో, ఏ తీగలో వోల్టేజి ఎప్పుడు కుంగినదో యంత్రములు తమంతట తామే వ్రాసిపెట్టిన నమోదులు వేలకొలదిగా లభించినవి. అయితే ఆ నమోదులను వ్రాసిన యంత్రములలో పెక్కింటి గడియారములు ఒక ప్రమాణకాలమునకు సరిదిద్దబడి యుండలేదు. అందుచేత ఒక కేంద్రమువారు చూపిన సమయము వేఱొక కేంద్రమువారి సమయముతో పొసగక, ఏది ముందు జరిగినదో, ఏది దాని ఫలితముగా తరువాత జరిగినదో తేల్చుటకే పరిశోధకులు మిక్కిలి శ్రమపడవలసివచ్చెను. మరుసటి సంవత్సరము వెలువడిన తుదినివేదికలో, ఇకమీదట ఇట్టి నమోదు యంత్రము లన్నియు ఒకే కాలమునకు అనుసంధింపబడి యుండవలెనని ఆ సంఘము ప్రత్యేకముగా సిఫారసు చేసినది.

ఒక గడియారము సరియైన కాలమును చూపుట ఒక గుణము. నూఱు గడియారములు ఒకే కాలమును చూపుట వేఱొక గుణము. పరిశ్రమలకు మొట్టమొదట కావలసినది ఈ రెండవది. ఒక థర్మల్ విద్యుత్కేంద్రమున టర్బైను ట్రిప్పు అయినప్పుడు, ఆ ఒక్క సెకను వ్యవధిలో కొన్ని వందల సంకేతములు కంట్రోల్ రూమును చేరును. నూనె ఒత్తిడి తగ్గినదని ఒకటి, బేరింగు వేడెక్కినదని ఒకటి, బాయిలరులో మంట ఆరినదని ఒకటి, జనరేటరు బ్రేకరు తెరచుకొన్నదని మఱియొకటి, ఇట్లు వచ్చిపడిన సంకేతముల రాశిలో మొదటిది ఏదియో అదియే రోగము, తక్కినవన్నియు దాని లక్షణములు. ఆ మొదటిదానిని గుర్తింపజేయునది దాని ప్రక్కన ముద్రింపబడిన మిల్లీసెకనుల లెక్క తప్ప వేఱొకటి లేదు. ఆ లెక్కలో తేడా వచ్చెనా, ఇంజనీరు ఆరోగ్యముగా నున్న అవయవమునకు చికిత్స చేసి, రోగమును అట్లే విడిచిపెట్టును. కాలమును ఒక్కటిగా నిలుపుట పరిశ్రమలలో ఒక సౌకర్యముగా గాక, కారణమును కనుగొనుటకు ఆధారముగా నెంచవలసినదని నేను గట్టిగా నమ్ముచున్నాను. గోడమీది గడియారముల సంగతియే కదా యని దీనిని చులకనచేయువారు ఒక్క ప్రమాదవిచారణ నివేదికనైనను చదివి చూతురుగాక.

ఇట్టి ఐక్యమును సాధించుటకై పెద్ద కర్మాగారములలో నెలకొల్పెడి యేర్పాటును పరిశ్రమలవారు మాస్టర్ క్లాక్, స్లేవ్ క్లాక్ పద్ధతియని వ్యవహరింతురు. మనము ఈ వ్యాసమున ప్రధాన గడియారము, అనుచర గడియారములు అని చెప్పుకొందము. కంట్రోల్ రూముకు దాపున పరికరముల గదిలో, ఒక ఇనుప బీరువాలో ప్రధాన గడియారము ఉండును. దానినుండి బయలుదేరిన తంత్రి భవనపు కప్పుమీదికి పోయి, నలుదిక్కుల ఆకాశము అడ్డములేక కనబడునట్లు ఒక గొట్టముకొనపై బిగింపబడి, కృత్రిమోపగ్రహముల సంకేతములను గ్రహించు చిన్న తెల్లని ఆంటెన్నాతో ముగియును. ఇటు ప్రధాన గడియారమునుండి వెలువడిన తంత్రులు కర్మాగారమంతటను వ్యాపించి, గేటువద్ద, క్యాంటీనులో, ప్రయోగశాలలో, షిఫ్టు ఇన్‌చార్జి గదిలో ఎఱ్ఱని అంకెలతో వెలుగుచుండు అనుచర గడియారములకును, కన్నులకు కనబడక యంత్రముల లోపలనే ఉండు కంప్యూటర్ల, రిలేల, నమోదు యంత్రముల గడియారములకును కాలమును అందించుచుండును. భజనగోష్ఠిలో తాళము పట్టినవాడు ఒక్కడే యుండి, గొంతులు ఎన్ని యున్నను ఆ ఒక్క తాళమునే అనుసరించునట్లు, ఇచ్చట సెకనును నిర్ణయించునది ఒక్కటే. తక్కినవి దానిని చూపునవి మాత్రమే.

ఈ భావము కృత్రిమోపగ్రహములతో పుట్టినది కాదు. స్కాట్లండు దేశీయుడును, గడియారముల పనివాడును ఐన అలెగ్జాండర్ బెయిన్ 1841లో విద్యుత్ గడియారమునకు పేటెంటు పొందినప్పుడే, ఒక గడియారపు లోలకము విద్యుత్ స్పందనములద్వారా దూరమందలి ఇతర గడియారములను నడుపవచ్చునను ఊహ వ్యాప్తిలోనికి వచ్చెను. 1852లో గ్రీనిచ్ వేధశాల గేటునకు అమర్చబడి, నేటికిని సందర్శకులను ఆకర్షించుచున్న ఇరువదినాలుగు గంటల గడియారము, లోపల నెలకొల్పబడిన చార్లెస్ షెపర్డు నిర్మించిన ప్రధాన గడియారమునకు అనుచరము మాత్రమే. ఆ ప్రధాన గడియారమునుండియే టెలిగ్రాఫు తీగలద్వారా రైల్వేలకు కాలము పంపబడుచుండెను. ఆ శతాబ్ది చివర ఫ్రాంక్ హోప్-జోన్స్ మొదలగువారు రూపొందించిన సింక్రనోమ్ పద్ధతిలో, ప్రధాన గడియారము ప్రతి అరనిమిషమునకు ఒక విద్యుత్ స్పందనమును పంపగా, ఒకే తీగపై వరుసగా కూర్చబడిన అనుచర గడియారము లన్నింటి ముండ్లును ఒకే క్షణమున ఒక అడుగు ముందుకు జరుగుచుండెను. పాఠశాలలు, కార్యాలయములు, కర్మాగారములు ఈ పద్ధతిని అనేక దశాబ్దములు వాడినవి.

యాంత్రికమైన గడియారము ఎంతదూరము పోగలదో అంతదూరము పోయినది 1921లో విలియం హామిల్టన్ షార్ట్ నిర్మాణము. ఆయన రైల్వే ఇంజనీరు. గాలి తీసివేసిన రాగిపాత్రలో ఒక లోలకమును స్వేచ్ఛగా ఊగనిచ్చి, లెక్కించుట, తీగలలోనికి స్పందనములు పంపుట మొదలైన చాకిరి నంతటిని వేఱొక లోలకమునకు అప్పగించి, ఆ రెండవదానిని మొదటిదానితో ఎడతెగక సరిచూచుకొనునట్లు ఆయన చేసినాడు. వేడిమికి అత్యల్పముగా మాత్రమే సాగెడి ఇన్వార్ అను మిశ్రలోహముతో లోలకదండమును చేయుటయు తోడగుటచే ఈ గడియారము సంవత్సరమునకు ఒక సెకనుకంటె మించి తప్పకుండెను. పనిచేయునదానిని, ప్రమాణముగా నిలుచుదానిని వేఱుచేసి, ప్రమాణమును ఏ శ్రమకును లోనుగాకుండ కాపాడుట ఆ యంత్రములోని సారము. ఈనాటి ఉపగ్రహ గడియారముల యేర్పాటు ఆ సారమునే, ప్రమాణమును రాగిపాత్రనుండి ఆకాశమునకు ఎత్తి, స్వీకరించినది.

మన దేశమున ఈ కథ మదరాసుతో మొదలగును. ఈస్టిండియా కంపెనీవారు 1792లో నుంగంబాకమున నెలకొల్పిన వేధశాలలో, నక్షత్రములు మధ్యాహ్నరేఖను దాటు క్షణమును పరిశీలించు దూరదర్శినికి ఆధారముగా ఒక గొప్ప రాతిస్తంభమును నాటిరి. ఆ స్తంభముపై ఇతర భాషలతో పాటు మన తెలుగు భాషలోను శాసనము చెక్కబడి యున్నది. తరువాతి శతాబ్దిలో రైలుమార్గములు వ్యాపించి, కలకత్తాకు ఒక కాలము, బొంబాయికి ఒక కాలము ఉండుటచే బండ్ల రాకపోకలు తారుమారగుచుండగా, రెండింటికి నడుమనున్న మదరాసు కాలమును రైల్వేలు స్వీకరించినవి. వేధశాలనుండి టెలిగ్రాఫుద్వారా ఆ కాలము స్టేషనులకు చేరుచుండెను. 1906 జనవరి 1వ తేదీనుండి గ్రీనిచ్ కాలమునకు అయిదున్నర గంటలు ముందున్న భారత ప్రామాణిక కాలము వ్యవహారములోనికి వచ్చెను. ఆ కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పురేఖాంశము మన కాకినాడ, తుని ప్రాంతముల చెంతగా సముద్రమున దిగును. అయినను కలకత్తా తన ప్రత్యేక కాలమును 1948 వఱకును, బొంబాయి 1955 వఱకును విడువలేదు. ఒక దేశము ఒక కాలమునకు ఒప్పుకొనుటకు అర్ధశతాబ్ది పట్టినదన్నమాట.

లోలకముల యుగమును క్వార్ట్జ్ స్ఫటికము ముగించినది. దానిని 1955లో ఇంగ్లండునందు లూయీ ఎసెన్ నిర్మించిన సీజియం పరమాణు గడియారము వెనుకకు నెట్టినది. 1967నుండి సెకనుకు నిర్వచనమే మారిపోయినది. భూభ్రమణముతో సంబంధము లేక, సీజియం పరమాణువు వెలువరించు ఒక నియతవికిరణము 919,26,31,770 మారులు కంపించుటకు పట్టు కాలమే సెకను అయ్యెను. అయితే పరమాణు గడియారము ప్రతి కర్మాగారమున నెలకొల్పదగిన వస్తువు గాదు. దానిని ఒక్కచోట ఉంచి, దాని సెకనును అందఱికిని పంచుట ఎట్లను ప్రశ్నకు జవాబు, మార్గనిర్దేశమునకై ఆకాశమునకు పంపబడిన ఉపగ్రహములనుండి, ఆ కార్యమునకు అనుబంధముగా లభించినది.

జి.పి.ఎస్. అనునది దారి చూపెడి సాధనమని మన చేతిఫోనులవలన అందఱికిని తెలిసినదే గాని, దాని స్వరూపమును విచారించినచో అది మొదటినుండియు గడియారముల సమూహమే. 1978లో మొదటి ఉపగ్రహముతో ఆరంభమై 1995లో పూర్తిస్థాయికి వచ్చిన ఈ వ్యవస్థలో, భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగుచున్న ప్రతి ఉపగ్రహమును తనలో పరమాణు గడియారములను మోసికొని, “ఇప్పుడు నా గడియారమున ఇంత సమయమైనది, నేను ఈ స్థానమున నున్నాను” అని ఎడతెగక ప్రకటించుచుండును. వెలుతురు వేగముతో పయనించు ఆ ప్రకటన నడినెత్తిననున్న ఉపగ్రహమునుండి మనలను చేరుటకు సెకనులో పదునైదవ వంతు పట్టును. గ్రాహకయంత్రమునకు తెలియనివి నాలుగు సంగతులు: తన స్థానమును తెలుపు మూడు కొలతలు, తన గడియారము ఎంత తప్పుగా నున్నదను నాలుగవది. నాలుగు ఉపగ్రహముల ప్రకటనలను ఒకేసారి విన్నయెడల నాలుగు సమీకరణములు ఏర్పడి నాలుగు సంగతులును తేలిపోవును. కర్మాగారపు కప్పుమీది ఆంటెన్నా కదలునది కాదు గనుక, ఒక్కసారి దాని స్థానము నిర్ణయమైన పిమ్మట, ఒక్క ఉపగ్రహము కనబడుచున్నను కాలమును తెలిసికొనవచ్చును.

ఇందు మనస్సును నిలుపదగిన విశేషమొకటి కలదు. ఐన్‌స్టైన్ సాపేక్షసిద్ధాంతము ప్రకారము, అంత యెత్తున భూమి ఆకర్షణ తక్కువగుటచే ఉపగ్రహములోని గడియారము మన గడియారముకంటె దినమునకు 45 మైక్రోసెకన్లు వేగముగా నడచును. సెకనుకు సుమారు నాలుగు కిలోమీటర్ల వేగమున పరుగిడుచుండుటచే 7 మైక్రోసెకన్లు వెనుకబడును. రెండింటిని కూడగా మిగిలినది దినమునకు 38 మైక్రోసెకన్ల ముందంజ. దీనిని లెక్కలోనికి తీసికొనక పోయినచో ఒక్కదినములోనే స్థాననిర్ణయము పది కిలోమీటర్ల మేర తప్పిపోవును. అందుచే ఉపగ్రహములోని గడియారమును భూమిపై నుండగానే రవంత నిదానముగా నడచునట్లు సవరించి పైకి పంపుదురు. విశ్వవిద్యాలయపు నల్లబల్లలకే పరిమితమైనదని మనమెంచు సిద్ధాంతము, క్యాంటీనులో వ్రేలాడు గడియారపు అంకెలలో ప్రతిదినము సత్యమగుచున్నది. విజ్ఞానశాస్త్రము ఇంత నిరాడంబరముగా మన నడుమ మసలుట నాకు పరమానందకరముగా తోచును.

ఆంటెన్నానుండి వచ్చిన సంకేతమును గ్రాహకము ప్రతి సెకనుకు ఒక్క స్పందనముగా మార్చి ప్రధాన గడియారమునకు ఇచ్చును. ఆ స్పందనము నిజమైన సెకనునుండి ఒక మైక్రోసెకనులో చిన్నభాగముకంటె మించి తప్పదు. అయినను ప్రధాన గడియారము ఆ స్పందనమును నేరుగా వాడుకొనదు. తనలోనున్న స్ఫటికమును ఆ స్పందనముతో సరిపోల్చుచు, అది వేగపడినచో నిదానపఱచి, వెనుకబడినచో తొందరపెట్టి, క్రమశిక్షణలో నుంచును. మబ్బువలన గాదు గాని, తంత్రి తెగుటవలననో, ఆంటెన్నా చెడుటవలననో, బలమైన ఇతరసంకేతములవలననో ఆకాశమునుండి మాట వినరానప్పుడు, ఆ స్ఫటికము తాను నేర్చుకొన్న నడకతోనే కాలమును కొనసాగించును. ఈ స్థితిని పరిశ్రమలవారు హోల్డోవర్ అందురు. మన చేతిగడియారపు స్ఫటికమువంటిది దినమునకు అరసెకను దాక తప్పగా, నియతోష్ణమున ఉంచబడిన మేలురకపు స్ఫటికము అనేక దినములపాటు మిల్లీసెకనుకు లోపలనే నిలుచును. రుబీడియం గడియారము అంతకంటెను ఎంతయో మెఱుగు. ప్రధాన గడియారమును కొనునప్పుడు మనవారు అంకెల పరిమాణమును, బీరువా రంగును విచారించినంతగా ఈ హోల్డోవర్ గుణమును విచారింపరు. నిజమునకు ఆ యంత్రముయొక్క యోగ్యత తెలియునది ఆకాశము మూగవోయిన నాడే.

ఇక ప్రధానమునుండి అనుచరములకు కాలమును అందించు మార్గములు పెక్కులు. ముండ్లుగల పాత గడియారములకు నిమిషమున కొకమారు 24 వోల్టుల స్పందనము పోవును. ఒక మారు ధనము, మఱుమారు ఋణముగా దిశ మారుచుండుటచే దారితప్పిన స్పందనములకు ముల్లు మోసపోదు. అంకెల గడియారములకు పూర్తి సమయమే సందేశరూపమున పోవును. రిలేలకు, నమోదు యంత్రములకు ఐరిగ్-బి అను సంకేతము వాడుక. అమెరికావారు క్షిపణుల పరీక్షాక్షేత్రములలో, వేర్వేఱు చోట్లనుండి తీసిన కొలతలను కలిపి చదువుటకై ఏర్పఱచుకొన్న ఈ సంకేతమున ప్రతి సెకనుకు నూఱు స్పందనములు వెడలును. స్పందనపు నిడివి రెండు మిల్లీసెకన్లైనచో సున్న, అయిదైనచో ఒకటి, ఎనిమిదైనచో అది విభాగములను చూపు గుర్తు.

కంప్యూటర్లకు ఎన్.టి.పి. అను పద్ధతి కలదు. డేవిడ్ మిల్స్ అను శాస్త్రజ్ఞుడు 1985 ప్రాంతమున దీనిని ప్రవేశపెట్టెను. “సమయ మెంత?” యని అడిగిన కంప్యూటరు, జవాబు వచ్చునప్పటికి కొంత కాలము గడచిపోవుననియు, ఆ జవాబు అంతమేరకు పాతదగుననియు ఎఱిగి, ప్రశ్న పంపిన క్షణమును, జవాబు చేరిన క్షణమును గుర్తుంచుకొని, రాకపోకలకు పట్టిన కాలములో సగమును కలిపి తన గడియారమును సరిదిద్దుకొనును. పోకకును రాకకును సమానకాలము పట్టునను నమ్మికపై ఇది నిలిచియున్నది. ఆ నమ్మిక వమ్మైనంత మేరకు కాలము తప్పును. ఒక కర్మాగారపు నెట్‌వర్కులో ఈ తప్పు మిల్లీసెకను అటునిటుగా నుండును. అంతకంటె సూక్ష్మత కావలసినచోట 2002లో ప్రమాణీకరింపబడిన పి.టి.పి. పద్ధతిలో, దారిలోనున్న స్విచ్చీలు కూడ తమవద్ద సందేశము ఎంతసేపు నిలిచినదో వ్రాసి పంపుటచే మైక్రోసెకనుకంటె తక్కువకు తప్పును కుదించుచున్నారు.

ఇంత సూక్ష్మత ఎవరికి కావలెనని చదువరులు అడుగవచ్చును. గేటువద్ద హాజరు వేసికొను కార్మికునకు నిమిషము చాలును. ఘటనల క్రమమునకు మిల్లీసెకను చాలును. విద్యుత్ గ్రిడ్డుకు మాత్రము మైక్రోసెకను కావలెను. మన గ్రిడ్డులో ప్రవాహము సెకనుకు 50 మారులు ఆవృత్తమగును గనుక ఒక్క ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పట్టును. ఆ ఆవృత్తిని 360 డిగ్రీల వలయముగా భావించినచో ఒక్క మిల్లీసెకను 18 డిగ్రీలకు సమానము. రెండు దూరప్రాంతముల నడుమ ఈ కోణభేదము ఎంత యున్నదో దానినిబట్టియే వాటి నడుమ ఎంత విద్యుత్తు ప్రవహించుచున్నదియు, బంధము తెగిపోవు ప్రమాద మెంత యున్నదియు తెలియును. మిల్లీసెకను తప్పెడి గడియారముతో ఆ కోణమును కొలుచుట అసంభవము. ఉపగ్రహకాలముతో రెండు చోట్లను ఒకే క్షణమున కొలుచు యంత్రమును 1988లో అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయమున రూపొందించిన వారిలో ముఖ్యుడు భారతదేశమున జన్మించిన అరుణ్ ఫడ్కే యనునది మనకు గర్వకారణము.

2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతము, రెండవనాడు దానితో కూడ తూర్పు, ఈశాన్య ప్రాంతములు అంధకారమున మునిగినప్పుడు, దక్షిణ గ్రిడ్డు వానితో ఒకే ఆవృత్తిలో కలిసి యుండనందున ఆంధ్రదేశమునకు ఆ బాధ తగులలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరుల నడుమ 765 కిలోవోల్టుల లైను మొదలగుటతో మనమును దేశమంతటితో ఒక్క గ్రిడ్డుగా కలిసితిమి. నాటినుండి కాశ్మీరమున తిరుగు టర్బైనును, రామగుండమున తిరుగు టర్బైనును ఒకే లయలో తిరుగుచున్నవి. ఒకరి కొరతను ఒకరు తీర్చుకొను భాగ్యముతో పాటు, ఒకరి ఆపదను ఒకరు పంచుకొను అవకాశమును కూడ మనము స్వీకరించితిమి. అందుచే ఇంత పెద్ద వలయమును ఒకే కంటితో చూడగల గడియారములు మనకు మునుపటికంటె నేడు ఎక్కువ అవసరమైనవి.

మైక్రోసెకను విలువను చూపు ఉదాహరణ మఱియొకటి కలదు. నల్లమల అడవిమీదుగా పోవు పెద్ద లైనుపై ఎక్కడనో పిడుగు పడి, పింగాణీ ఇన్సులేటరు పగిలినదనుకొందము. ఆ ఘాతము ఒక తరంగముగా మారి, ఇంచుమించు వెలుతురు వేగముతో లైను రెండు కొనలకును పరుగిడును. రెండు కొనలయందును అది చేరిన క్షణమును ఒకే కాలమునకు లెక్కించిన యంత్రము లున్నచో, ఆ రెండు క్షణముల భేదమునుండి దెబ్బతిన్న స్థలము ఎంత దూరమున నున్నదో లెక్కగట్టవచ్చును. గడియారముల నడుమ ఒక్క మైక్రోసెకను తేడా యున్నచో లెక్క 150 మీటర్లు తప్పును. అనగా ప్రక్క టవరు చూపును. ఒక్క మిల్లీసెకను తేడా యున్నచో 150 కిలోమీటర్లు తప్పును; అనగా ఆ లెక్క ఎందుకును కొఱగాదు. వానలో, రాత్రివేళ, కొండలోయలలో టవరు తరువాత టవరుగా ఎక్కిదిగుచు లోపమును వెదకు లైన్‌మెన్ల శ్రమను తలచుకొన్నవారికి ఈ సూక్ష్మత శాస్త్రజ్ఞుల విలాసముగా కనబడదు.

ఇంత ఉపకారియైన ఈ వ్యవస్థకు బలహీనతలును కలవు. ఇరువదివేల కిలోమీటర్లు పయనించి వచ్చిన సంకేతము భూమిని చేరునప్పటికి మిక్కిలి క్షీణించి, గ్రాహకములో సహజముగా పుట్టెడి రొదకంటెను సన్ననిదై యుండును. దానిని అణచివేయుటకు అరచేతిలో పట్టు చిన్న యంత్రము చాలును. తప్పుడు సంకేతమును పంపి గడియారమును మోసగించుటయు సాధ్యమే. శత్రువుల మాట యటుండగా, మిత్రుల పొరపాటును చూతము. 2016 జనవరి 26న జి.పి.ఎస్. నిర్వాహకులు ఒక ముసలి ఉపగ్రహమును సేవనుండి తొలగించు సందర్భమున, ప్రపంచకాలమును లెక్కించుటకు వలయు ఒక సంఖ్య తప్పుగా కొన్ని ఉపగ్రహములకు చేరెను. ఫలితముగా వాని ప్రకటనలలోని కాలము 13 మైక్రోసెకన్లు తప్పెను. దారి చూచుకొనువారి కెవరికిని అది తెలియలేదు గాని, ఆ కాలముపై ఆధారపడిన దూరవాణి వ్యవస్థలలో అనేక గంటలపాటు హెచ్చరికలు మ్రోగినవి. ప్రధానము తప్పినచో అనుచరము లన్నియు విధేయతతో ఏకకంఠముగా తప్పును. ఈ పద్ధతికి బలమెక్కడనో బలహీనతయు అక్కడనే యున్నది.

తేదీల విషయమునను జాగ్రత్త వలయును. జి.పి.ఎస్. వారములను పది బిట్లతో లెక్కించుటచే 1024 వారముల కొకసారి ఆ లెక్క మరల సున్నకు వచ్చును. 1999 ఆగస్టులోను, 2019 ఏప్రిల్‌లోను ఇట్లు జరిగినది; పాత గ్రాహకములు కొన్ని అప్పుడు ఇరువది యేండ్ల వెనుకటి తేదీని చూపినవి. మఱియు భూభ్రమణపు నిదానమును సరిపెట్టుటకై 1972నుండి 2016 వఱకు 27 మారులు ప్రపంచకాలమునకు ఒక్కొక్క సెకను కలిపిరి. జి.పి.ఎస్. తన సొంత లెక్కలో ఈ సెకన్లను కలుపుకొనదు. ఆ లెక్క ఆరంభమైన తరువాత కలిపినవి 18 గనుక అది అన్ని సెకన్లు ముందుండును. భేదమెంతో ఉపగ్రహమే తెలుపుచున్నను, గ్రాహకమును సరిగా అమర్చనిచోట కర్మాగార మంతయు 18 సెకన్లు ముందు నడచును. ఈ సెకన్లను కలుపు ఆచారమును 2035 లోపల విడువవలెనని 2022లో తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ నిశ్చయించినది.

పరదేశపు ఉపగ్రహముల కాలముపైననే మన విద్యుత్తును, దూరవాణిని, బ్యాంకులను నడపుకొనుట ఎంతకాలము అను ప్రశ్నకు జవాబుగా మన అంతరిక్ష సంస్థ నావిక్ అను స్వదేశీయ వ్యవస్థను తలపెట్టినది. 2013 జూలై 1న నాటి నెల్లూరు సీమయందలి శ్రీహరికోటనుండి మొదటి ఉపగ్రహము లేచెను. ఆ ఉపగ్రహమున విదేశములనుండి తెచ్చి అమర్చిన రుబీడియం గడియారములు మూడును కొన్ని సంవత్సరములకే చెడిపోవుటచే, అన్ని అంగములు బాగుగనే యున్నను అది దారి చూపుటకు పనికిరానిదయ్యెను. ఆ యనుభవమునుండి నేర్చుకొని మన శాస్త్రజ్ఞులు అహమ్మదాబాదు కేంద్రమున స్వయముగా రుబీడియం గడియారమును నిర్మించిరి; 2023 మే 29న శ్రీహరికోటనుండియే లేచిన ఎన్.వి.ఎస్.-01 ఉపగ్రహమున అది ఆకాశమునకు చేరెను. 2025 జనవరిలో లేచిన తరువాతి ఉపగ్రహము నిర్దేశించిన కక్ష్యకు చేరలేకపోయినది. మార్గము నున్ననిది కాదు. అయినను విడువరాని మార్గము. ఇటు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల తన పరమాణు గడియారములతో భారత ప్రామాణిక కాలమును నిలుపుచున్నది. దానిని దేశమంతటను పరిశ్రమలకు అందించు ప్రయత్నములు సాగుచున్నవి.

కర్మాగారముల బాధ్యత వహించువారికి నేను చేయు మనవి ఇది. ప్రధాన గడియారమును కొనునప్పుడు ఒక్క జి.పి.ఎస్.ను గాక నావిక్‌ను కూడ గ్రహించుదానిని కోరుడు. రెండింటి మాట కలియనప్పుడు హెచ్చరించునట్లు దానిని అమర్చుడు. ముఖ్యమైనచోట ఒక్కటి గాక రెండు ప్రధాన గడియారములను వేర్వేఱు ఆంటెన్నాలతో నిలుపుడు. ఆంటెన్నా కొత్తగా లేచిన గోడచాటున పడినదో, తంత్రి కీలులో వాననీరు చేరినదో, పిడుగురక్షణ సరిగా నున్నదో వర్షకాలమునకు ముందే ఎవరినైనను పైకి పంపి చూపింపుడు. సంవత్సరమునకు ఒక్కనాడైనను, యంత్రములు మరమ్మతుకై ఆగినవేళ, ఆంటెన్నా తంత్రిని విడదీసి, ఆకాశముతో మాటలేక మీ గడియారము ఇరువదినాలుగు గంటలలో ఎంత తప్పినదో కొలిచి, ఆ సంఖ్యను కంట్రోల్ రూము రిజిస్టరులో వ్రాసి యుంచుడు.